మూడు నుంచి ఆరు దాకా

డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండే ఒక తెలుగు జంటకు, పాప రెండో తరగతికి వచ్చేదాకా ఎవరు చూసుకుంటారన్న బెంగ లేదు. ఆర్నెల్లు అత్తమామలు, ఆర్నెల్లు అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వంతులేసుకుని వచ్చి వెళ్లేవారు. తాతగారి మోకాలి ఆపరేషన్‌తో ఆ వరస ఆగిపోయింది. బడి మూడింటికి వదుల్తారు. వీళ్లు ఇల్లు చేరేసరికి ఆరవుతుంది.

వాట్సాప్ గ్రూపులో అడగ్గానే అందరూ ఒకే మాట చెప్పారు: ఎంఎస్ చదివే అమ్మాయినెవరినైనా పెట్టుకుని క్యాష్ ఇచ్చేయండి! కానీ ఎఫ్1 వీసా మీద ఉన్న విద్యార్థిని అనుమతి లేకుండా క్యాంపస్ బయట జీతానికి పనిచేస్తే ఆమె స్టేటస్‌కే ఎసరు వస్తుంది. హెచ్4 మీద ఉన్నవారికైనా పని అనుమతి పత్రం (ఈఏడీ) ఉండాల్సిందే. మన పాప కోసం ఇంకొకరి కూతురి చదువును పణంగా పెట్టడం ఏ విధంగానూ సబబు కాదు.

చివరికి అదే అపార్ట్‌మెంట్లలో కొడుకు దగ్గర ఉంటున్న ఒకావిడ కుదిరారు. వయసు 55, గ్రీన్‌కార్డు ఉంది. జీతం మాట ఎత్తకముందే ఆవిడ అడిగారు: "పాపకు ఏది పడదో చెప్పండమ్మా, మందు ఎక్కడ పెడతారో చూపించండి." పాపకు జీడిపప్పు పడదు. ఎపిపెన్ తెప్పించుకుని, మూత ఎటు తియ్యాలో, తొడకు ఎలా ఆనించాలో రెండుసార్లు చెప్పించుకున్నారు. ఇక వేరే ఎవరినీ చూడబుద్ధి కాలేదు ఆ తల్లికి.

గంటకు 18 డాలర్లు, వారానికి 15 గంటలు. బడి నడిచే 36 వారాలకు 9,720 డాలర్లు.

దీన్ని చేతికిచ్చేస్తే పోతుందా, లెక్కలో చూపాలా? చట్టం ప్రకారం సందేహమే లేదు. 2025లో ఇంటి పనివారికి 2,800 డాలర్లు, అంతకు మించి ఇస్తే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కట్టాల్సి వచ్చేది. యజమాని వాటా 7.65 శాతం, అంటే దాదాపు 744 డాలర్లు. ఫెడరల్, టెక్సస్ నిరుద్యోగ పన్నులు ఇంకో 285. మొత్తం వెయ్యి పైచిలుకు.

క్యాష్ చవకని చెప్పేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. లెక్కలో చూపితే ఆవిడ సోషల్ సెక్యూరిటీ నంబరుతో పిల్లల సంరక్షణ ఖర్చుకు పన్ను పడని సొమ్మును పక్కన పెట్టే డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ వాడుకోవచ్చు. 22 శాతం శ్లాబులో ఉన్న ఈ జంటకు 2025 పరిమితి అయిన 5,000 డాలర్ల మీద, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కూడా కలిపి, ఆదా అయ్యే పన్ను సుమారు 1,480. కట్టినదానికంటే మిగిలిందే ఎక్కువ!

ఆవిడకు దక్కేది ఇంకా పెద్దది. 2025లో 1,810 డాలర్ల సంపాదనకు ఒక సోషల్ సెక్యూరిటీ క్రెడిట్ వచ్చేది, ఏడాదికి నాలుగు దాకా. ఈ జీతంతో నాలుగూ వస్తాయి. నలభై పోగైతే 65 ఏళ్లకు ఆసుపత్రి బీమా అయిన మెడికేర్ పార్ట్ ఏకి ప్రీమియం ఉండదు. క్రెడిట్లు ముప్ఫై కూడా లేనివారు 2025లో నెలకు 518 డాలర్లు కట్టారు. పిల్లల దగ్గరికి వచ్చి స్థిరపడిన మన పెద్దవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? పదేళ్లపాటు ఏదో ఒక ఇంట్లో ఇలా లెక్కలో పనిచేస్తే, ముసలితనంలో ఆసుపత్రి బీమా ప్రీమియానికి కొడుకు మొహం చూడక్కర్లేదు.

2026కి ఎఫ్‌ఎస్‌ఏ పరిమితి 7,500 డాలర్లకు పెరిగింది. దానివల్ల ఇంకో ఏడొందల పైన మిగులుతుంది. అందులోంచే ఆవిడకు గంటకు ఒక డాలరు పెంచాలని ఆ దంపతులు నిర్ణయించుకున్నారు.