పాత కంప్యూటర్‌లో జబ్బు ఎక్కడుంది?

మేత మానేసిన ఎద్దును మన ఊళ్లలో ఎవరూ వెంటనే సంతకు తోలరు. నోరు తెరిచి చూస్తారు, గిట్టలు చూస్తారు, పొట్ట తట్టి చూస్తారు. పాత కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మనకు ఆ ఓపిక ఉండదు. నెమ్మదిస్తే చాలు, స్టోర్ రూంలో పడేస్తాం.

మా ఆశ్రమ పాఠశాల కంప్యూటర్ 2013 నాటిది. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఆన్ చేస్తే పనికి రావడానికి ఆరేడు నిమిషాలు పట్టేది. పక్కన పెట్టేద్దామన్న మాట వచ్చింది. కానీ మా పిల్లలు ఇళ్లలో పెద్దవాళ్లను అడిగి ఎక్కించిన కోయ మాటలన్నీ అందులోనే ఉన్నాయి. తెలుగులో ఏరు అంటే వాగు, కోయలో ఏరు అంటే నీళ్లు. అలాంటి మాటలు వందల్లో ఉన్నాయి, ఇంకో ప్రతి లేదు. అందుకే స్క్రూడ్రైవర్ పట్టకముందే వాటిని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాం.

తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాం. సీపీయూ 15 శాతం దాటలేదు. మెమరీ 80 పైన, డిస్క్ 100 దగ్గర నిలబడ్డాయి. ర్యామ్ చాలనప్పుడు విండోస్ ఆ బరువును డిస్క్ మీదే వేస్తుంది. అందుకే ఈ రెంటినీ కలిపి చూడాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంతో చూస్తే డిస్క్‌కు పసుపు రంగు హెచ్చరిక కనిపించింది. అంటే ప్రాసెసర్ బాగానే ఉంది, అరిగిపోయింది డిస్క్.

మిగతా భాగాలకూ గుర్తులున్నాయి. రోజూ తేదీ, టైము తప్పుతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. బీప్ శబ్దాలు వచ్చి తెర వెలగకపోతే ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచును రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టి చూడాలి. వేడెక్కి ఆగిపోతుంటే ఫ్యాన్‌లో దుమ్ము చూడాలి. బోర్డు మీది కెపాసిటర్ల తలలు ఉబ్బితే బోర్డే బలహీనమైంది. కరెంటు హెచ్చుతగ్గులున్న మన ఏజెన్సీలో ఎస్ఎంపీఎస్ కూడా త్వరగా దెబ్బతింటుంది. దాని పెట్టెను మాత్రం విప్పకండి. ప్లగ్ తీశాక కూడా లోపల కరెంటు నిలిచి ఉంటుంది.

మేం మార్చినవి రెండే: 240 జీబీ ఎస్ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్. విండోస్ 10కు భద్రతా మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఇంత పాత యంత్రానికి విండోస్ 11 సరిపడదు. అందుకని ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేశాం. ఇప్పుడు నిమిషంలోపే తెర సిద్ధమవుతోంది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. మూత విప్పేటప్పుడు పిల్లల్ని పక్కన నిలబెట్టుకోండి. ఒకసారికి ఒక్క భాగమే మార్చి, ఏమైందో వాళ్లచేత రాయించండి. మన మాటలు దాచిన ఫైళ్లు ఎప్పుడూ రెండు చోట్ల ఉండాలి. కొత్త డిస్క్ బజారులో దొరుకుతుంది, ఆ మాటలు దొరకవు.