ఆలస్యానికి చిరునామా

కంప్యూటరు నెమ్మదించినదంటే యంత్రం పాతబడినదని తీర్పు చెప్పడం మనకు అలవాటు. తీర్పుకు ముందు విచారణ జరగాలన్న న్యాయం మనుష్యులకే గాక యంత్రాలకూ వర్తిస్తుందని మేము ఈ సంవత్సరం ప్రత్యక్షంగా చూచాము.

మా కళాశాల పాత వార్షిక సంచికల ఉర్దూ, తెలుగు పుటలను స్కాన్ చేసి, గ్రంథాలయంలోని సర్వర్‌లో భద్రపరుస్తున్నాము. శాఖల కంప్యూటర్లను దానితో కలిపేది నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో రూపొందించిన ఈ పద్ధతిలో, ఎక్కడో ఉన్న ఫైలు మన యంత్రంలోనే ఉన్నట్లు కనిపిస్తుంది. అయితే తెలుగు శాఖ నుండి పంపే ఫైళ్లు సెకనుకు 11 మెగాబైట్లకు మించి కదలలేదు. కొత్త సర్వర్ కొనవలెనన్న మాట కమిటీ వరకు వెళ్లినది.

కంప్యూటర్ విభాగపు మిత్రుని సాయంతో ఒక్కొక్క మజిలీనే కొలిచాము. ఉర్దూ శాఖ నుండి పంపిన ఫైళ్లు అదే సర్వర్‌కు వేగంగా చేరాయి. కనుక సర్వర్ నిర్దోషి. మా డిస్కు చదివే వేగమూ బాగున్నది. ఫైళ్ల ప్రమేయం లేకుండా దారిని మాత్రమే ఐపెర్ఫ్‌తో పరీక్షించగా సెకనుకు 94 మెగాబిట్లు వచ్చాయి. గిగాబిట్ దారిలో ఆ అంకె రావడమే ఆచూకీ. ఈథర్‌టూల్‌తో చూడగా లంకె వేగం 1000కి బదులు 100 అని తేలినది. నెట్‌వర్క్ కేబులులో నాలుగు జతల తీగలుంటాయి. 100 వేగానికి రెండు జతలు చాలు. 1000కి నాలుగూ కావాలి. బీరువా కాలి కింద నలిగి ఒక జత తెగినది! కేబులు మార్చగానే వేగం ఇంచుమించు పదిరెట్లయినది.

అయినా, పుటల పాఠాన్ని టైపు చేసిన వేలకొద్దీ చిన్న ఫైళ్లు నత్తనడకనే సాగాయి. దీని కారణం వేరు. ప్రతి ఫైలుకూ తెరవడం, వ్రాయడం, మూయడం అనే సందేశాలు అటూఇటూ తిరగాలి. డిస్కుపై భద్రంగా పడినదని సర్వర్ చెప్పేదాకా క్లయింటు వేచి ఉండాలి. సర్వర్‌లో ‘ఎసింక్’ అమరిక పెడితే ఆ నిరీక్షణ తగ్గుతుందని కొందరన్నారు. అప్పుడు సర్వర్ వ్రాయకముందే వ్రాశానంటుంది. ఆ క్షణంలో కరెంటు పోతే పుట పోతుంది. పెద్దలు మనకప్పగించిన అమానతు విషయంలో అట్టి వేగం మాకు సమ్మతం కాలేదు. చిన్న ఫైళ్లను టార్‌తో ఒకే మూటగా కట్టి పంపాము; పని తీరినది.

కొత్త సర్వర్ సొమ్ము మిగిలినది. ఖర్చయినది ఒక కేబులు వెల మాత్రమే. విద్యార్థి మిత్రులారా! కొలవనిదే దేనినీ నిందించకండి. భద్రతను అమ్మి వేగాన్ని కొనకండి.