భూపేన్‌దాకు ఓటు వేయని ఐతా

మా నాన్నగారికి గువాహటి బదిలీ అయిందని తెలిసిన రోజు ఉదయమే నా ఏడో తరగతి పరీక్షలు అయిపోయాయి. ఆ సంతోషం సాయంత్రం దాకే నిలిచింది. ముందు విశాఖపట్నం, తర్వాత నాగపూర్, ఇప్పుడు గువాహటి. మన విద్యాలయాల్లో చదివేవాళ్ళకి ఇదంతా కొత్తగా చెప్పక్కర్లేదు. అట్టపెట్టెలకి తాళ్ళు కట్టడం, టి.సి. తీసుకోవడం, కొత్త క్లాసులో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవడం, "మీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగితే నీళ్ళు నమలడం. నేనైతే అడిగినవాళ్ళని బట్టి ఒక్కోసారి ఒక్కో ఊరు చెప్పేదాన్ని.

గువాహటి స్టేషన్ నుంచి క్వార్టర్‌కి వెళ్తున్నప్పుడు ఆటోలో ఒక పాట వస్తోంది. మగగొంతు, బాగా లోతైనది. తొందరేమీ లేకుండా, ఎదురుగా కూర్చుని కథ చెబుతున్నట్టు పాడుతోంది. "ఎవరు భయ్యా పాడేది?" అని నాన్నగారు హిందీలో అడిగారు. డ్రైవరు బండి నెమ్మది చేసి వెనక్కి తిరిగి మమ్మల్ని ఎగాదిగా చూశాడు. అన్నం అంటే ఏమిటి అని అడిగినవాళ్ళని చూసినట్టు చూశాడు. "భూపేన్‌దా" అన్నాడు అంతే. దా అంటే అన్న. గువాహటిలో నేను నేర్చుకున్న మొదటి అస్సామీ మాట అదే.

తర్వాత ఆ పేరు ఎక్కడ చూసినా కనిపించింది. దీఘలీపుఖురి చెరువు పక్కన ఆయన విగ్రహం ఉంది. ఆయన బతికి ఉండగానే, 2009లో, అక్కడి విద్యార్థి సంఘం వాళ్ళు పెట్టించినది. 2017లో సదియా దగ్గర 9.15 కిలోమీటర్ల వంతెన కట్టి దానికీ ఆయన పేరే పెట్టారు. ఆయన పుట్టింది ఆ సదియాలోనే, 1926 సెప్టెంబరు 8న. 2019లో భారతరత్న కూడా ఇచ్చారు, కానీ అప్పటికి ఆయన లేరు.

ఎనిమిదో తరగతిలో మా సాంఘికశాస్త్రం టీచరు, మేముంటున్న రాష్ట్రానికి చెందిన ఒక ప్రముఖుడి గురించి ఒక్కొక్కరూ ఐదు నిమిషాలు మాట్లాడాలన్నారు. నేను భూపేన్ హజారికాని ఎంచుకున్నాను. ఎందుకంటే నాకు తెలిసిన అస్సామీ పేరు అదొక్కటే! లైబ్రరీలో కూర్చుని చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. వాళ్ళ నాన్నగారిది కూడా ఊళ్ళు మారే జీవితమేనట. 1929లో గువాహటి, 1932లో ధుబ్రి, 1935లో తేజ్‌పూర్. పదిమంది పిల్లల్లో ఈయన పెద్దవాడు. అంటే ప్రతి మూడేళ్ళకీ పెట్టెలు కట్టిన ఇల్లే అది కూడా. పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. గొప్పవాళ్ళందరూ ఒకే ఊళ్ళో, ఒకే చెట్టు కింద పెరుగుతారని నాకెందుకో ఒక నమ్మకం ఉండేది.

ఆ మూడో ఊరే ఆయనకి కలిసొచ్చింది. తేజ్‌పూర్‌లో ఒక సభలో, పదేళ్ళ వయసులో, వాళ్ళమ్మ నేర్పిన బర్గీత్ పాడాడు. బర్గీతాలంటే శంకరదేవుడు, మాధవదేవుడు రాసిన భక్తి పాటలు. మనకి అన్నమయ్య కీర్తనలు ఎలాగో వాళ్ళకి అవి అలాగ. ఆ పాట విన్నవాళ్ళలో జ్యోతిప్రసాద్ అగర్వాలా, విష్ణుప్రసాద్ రాభా ఉన్నారు. అస్సాం నాటకానికి, సినిమాకి, పాటకి ఆ ఇద్దరూ పెద్దదిక్కు. వాళ్ళు 1936లో ఆ పిల్లవాణ్ణి కలకత్తా తీసుకెళ్ళి రికార్డు ఇప్పించారు. 1939లో వచ్చిన జ్యోతిప్రసాద్ సినిమా 'ఇంద్రమాలతి'లో కూడా పాడించారు. నాన్నగారికి తేజ్‌పూర్ బదలు ఇంకో ఊరు తగిలి ఉంటే ఏమయ్యేదో! ఈ ముక్క మా నాన్నగారికి చెబితే, "చూశావా, బదిలీల వల్ల మంచి కూడా జరుగుతుంది" అన్నారు. అందుకు చెప్పలేదు నేను.

చదువులో కూడా ఆయన తక్కువవాడు కాదు. 1946లో కాశీ హిందూ విశ్వవిద్యాలయం నుంచి రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. చేశాడు. గువాహటి రేడియోలో కొన్నాళ్ళు పనిచేసి, స్కాలర్‌షిప్ మీద 1949లో ఓడెక్కి న్యూయార్క్ వెళ్ళి, 1952లో కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ తీసుకున్నాడు. పెద్దవాళ్ళకి చదువు చెప్పడానికి దృశ్య శ్రవణ సాధనాలు ఎలా వాడాలన్నది ఆయన పరిశోధన. (మా క్లాసులో స్మార్ట్ బోర్డు పనిచేయనప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.) అక్కడే పాల్ రాబ్సన్ అనే నల్లజాతి గాయకుడితో పరిచయమైంది. ఆయన మిసిసిపీ నది మీద పాడిన పాట ఈయన మనసులో ఉండిపోయింది. ఇంటికి తిరిగొచ్చాక అదే బ్రహ్మపుత్ర మీద పాటయింది. రెండు ఒడ్డుల మీదా ఇంతమంది కష్టపడుతుంటే చూస్తూ ఊరకే ఎలా పారుతున్నావు అని నదిని నిలదీసే పాట. హిందీలో, బెంగాలీలో గంగ మీద పాడినది కూడా అదే. గువాహటిలో వానాకాలం ఆ నదిని చూసినవాళ్ళకి తెలుస్తుంది, దాన్ని నిలదీయడానికి ఎంత ధైర్యం కావాలో. మా గోదావరిని మేము తల్లీ అని దండం పెట్టుకుంటాం కానీ, ఎందుకు ఊరుకున్నావని అడగడం నేనెప్పుడూ వినలేదు.

ఇదంతా నేను క్లాసులో బాగానే చెప్పాను. చిక్కల్లా ఆఖరి అర నిమిషంలో వచ్చింది.

ముందురోజు రాజమండ్రిలో ఉన్న తాతయ్యకి ఫోన్ చేసి ఈ ప్రసంగం సంగతి చెప్పాను. తాతయ్యకి రాజకీయాలంటే కాఫీ కన్నా ఇష్టం. భూపేన్ హజారికా 1967లో నౌబోయిచా నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి ఐదేళ్ళు ఎమ్మెల్యేగా ఉన్నాడని, 2004లో భారతీయ జనతా పార్టీ తరఫున గువాహటి నుంచి లోక్‌సభకి నిలబడి కాంగ్రెస్ అభ్యర్థి చేతిలో ఓడిపోయాడని చదివి వినిపించాను. తాతయ్య వెంటనే, "మన రామారావుగారు 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. తొమ్మిది నెలలు! జనం అభిమానిస్తే అలా ఉంటుంది. ఈయనకి ఆ వయసులో ఎన్నికలెందుకమ్మా? పేరు పాడుచేసుకోవడానికి కాకపోతే" అన్నారు. నాకు ఆ మాట నచ్చింది. పెద్దవాళ్ళ మాటలా గంభీరంగా ఉంది. నా ప్రసంగం చివర, "ఇంత గొప్ప గాయకుడు రాజకీయాల్లోకి వెళ్ళి పేరు పాడుచేసుకున్నాడు. ప్రజలు ఆయనకి బుద్ధి చెప్పారు" అని ముగించాను.

చప్పట్లు పడలేదు. నా బెంచీలోనే కూర్చునే అస్సామీ అమ్మాయి, నాకు అప్పటికి ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు, నా వైపు చూడకుండా అంది: "నువ్వు పోయిన ఏడాది వచ్చావు. వచ్చే ఏడాదో ఆ పై ఏడాదో వెళ్ళిపోతావు. నీకేం తెలుసని?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అది నిజం. బదిలీల పిల్లలందరికీ లోపల ఎక్కడో ఈ భయం ఉంటుందనుకుంటాను. ఏ ఊరి గురించి నోరు తెరిచినా, నీదా ఈ ఊరు అని ఎవరో ఒకరు అంటారని. ఆ రోజు అన్నారు. తొమ్మిది రోజులు మేం మాట్లాడుకోలేదు. టిఫిన్ డబ్బా ఒక్కదాన్నే తిన్నాను.

ఏప్రిల్‌లో రొంగాలీ బిహూ వచ్చింది. బిహూకి ముందురోజు ఆ అమ్మాయే వచ్చి, "మా ఐతా నిన్ను తీసుకురమ్మంది" అని చెప్పి వెళ్ళిపోయింది. ఐతా అంటే అమ్మమ్మ. తిట్టడానికే అనుకున్నాను. అమ్మ మాత్రం పూతరేకులు కట్టి ఇచ్చి పంపింది. తాతయ్య ఆత్రేయపురం నుంచి పంపించినవి, మేం దాచుకుని తింటున్నవి.

ఐతా తెల్ల మేఖలా చాదర్ కట్టుకుని వసారాలో కూర్చుని ఉంది. పాలు లేని ఎర్ర టీ, నువ్వులు పెట్టిన పిఠా, కొబ్బరి లారు ఇచ్చింది. లారు అంటే మన లౌజుండ లాంటిదే. పూతరేకుని వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చాలాసేపు చూసి, "కాగితం తింటారా మీరు?" అంది. అప్పుడు స్నేహితురాలు నవ్వింది. తొమ్మిది రోజుల తర్వాత.

ఆమెకి హిందీ కొంచెం వచ్చు. నాకు అస్సామీ కొంచెం వచ్చు. మధ్యలో మనవరాలు. ఐతా చెప్పింది ఇది: "ఆయన ఓడిపోయాడని నువ్వన్నావట. అది నిజమే. బుద్ధి చెప్పారన్నావట. అది అబద్ధం. నేను ఆయనకి ఓటు వేయలేదు. కానీ నేను ఆయనకి ఏ బుద్ధీ చెప్పలేదు."

నేను టీ తాగడం ఆపేశాను. ఈవిడ ఓటు వేయలేదా! ఆయన పటం గోడ మీద, దేవుడి మందిరానికి రెండడుగుల దూరంలో ఉంది.

ఐతా పుట్టిల్లు ఉత్తరపు ఒడ్డున లఖింపూర్ వైపు. 1967లో వాళ్ళ నాన్న ఆయనకే ఓటు వేశాడట. ఏ పార్టీ లేదు, పాటలవాడు మనవాడు అని వేశారట ఊళ్ళో అందరూ. ఆమెకి అప్పటికి ఓటు వయసు రాలేదు. 2004 నాటికి ఓటు వచ్చింది, ఆలోచనా వచ్చింది. ఆయన నిలబడిన పార్టీ ఆమెకి నచ్చలేదు. పక్కింటామెకి నచ్చింది, ఆమె వేసింది. ఫలితం వచ్చిన రోజు ఐతా పొద్దుటి నుంచీ రేడియో పెట్టలేదట. "ఎందుకు? మీరు కోరుకున్నదే కదా జరిగింది" అని అడిగాను. "ఆయన పాట వస్తుందేమోనని" అంది.

2011 నవంబరు 5న ఆయన ముంబయిలో చనిపోయారు. గువాహటి తీసుకొచ్చి జడ్జెస్ ఫీల్డ్‌లో ఉంచారు. వచ్చేవాళ్ళు ఎంతకీ తరగకపోవడంతో అంత్యక్రియలు ఒక రోజు వెనక్కి జరిపి 9న చేయాల్సొచ్చింది. ఐతా, పక్కింటామె కలిసి వెళ్ళి వరసలో నిలబడ్డారు. ఒకరు ఓటు వేసినామె, ఒకరు వేయనామె. చీకటి పడ్డాక కానీ వాళ్ళ వంతు రాలేదట. ఆ వరసలో ఎవరు ఎవరికి ఓటు వేశారో ఎవరూ అడగలేదంది.

ఆ తర్వాత నేను ఆయన గురించి మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఈసారి ప్రసంగం కోసం కాదు. పాటలవాడు రాజకీయాల్లోకి వెళ్ళాడు అని నేననడంలోనే తప్పుందేమో అనిపించింది. పల్లకీ మోసే బోయీల బరువు మీద పాట కట్టినవాడు, అంతకు ముందు రాజకీయం తెలియనివాడా? 1960లో అస్సాంలో భాష పేరు మీద అల్లర్లు జరిగాయి. అప్పుడు ఆయన, హేమాంగ బిశ్వాస్ కలిసి ఒక కళాకారుల బృందంతో ఊళ్ళు తిరిగారు. అస్సామీ మనిషి రొంగ్‌మన్, బెంగాలీ మనిషి హారాధన్ ఒకరి కష్టం ఒకరికి చెప్పుకునే పాట పాడారు. కొట్టుకుంటున్న ఊళ్ళలోకి వెళ్ళి రెండు భాషల్లో పాడటానికి ఏ ఎన్నికా అక్కర్లేదు, కానీ అది రాజకీయం కాదని ఎలా అంటాం? శాసనసభ్యుడయ్యాక ఆయన పట్టుబట్టిన పని కూడా పాట దగ్గరిదే: గువాహటిలో ప్రభుత్వ సినిమా స్టూడియో. దాని పేరు జ్యోతి చిత్రబన్. చిన్నప్పుడు తేజ్‌పూర్‌లో తన పాట విని చేయి పట్టుకున్న జ్యోతిప్రసాద్ పేరే అది.

అయినా 2004లో ఆయన నిలబడకుండా ఉంటే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది. అప్పటికి ఆయనకి డెబ్బై ఏడేళ్ళు. ఐతాతో ఈ మాట అంటే, "అనిపించనీ" అని ఇంకో లారు నా పళ్ళెంలో వేసింది.

తన మీద తాను సంచారినని పాట కట్టుకున్నాడాయన. మన నదుల నుంచి మిసిసిపీ, వోల్గా దాకా తిరిగినవాడి పాట. స్నేహితురాలు ఆ పాట నాకు నేర్పింది. "ర" దగ్గర నా నాలుక తెలుగే మాట్లాడుతుందని ఎగతాళి చేసేది. ఉదయం ప్రార్థనా సమావేశంలో ఇద్దరం కలిసి పాడాం. పాట మధ్యలో ఒక చరణం నేను మరిచిపోతే తను గట్టిగా పాడి కప్పేసింది.

పదో తరగతి అయ్యాక మాకు మళ్ళీ బదిలీ వచ్చింది. వెళ్ళే ముందు ఆదివారం ఐతా మమ్మల్నిద్దరినీ జాలుక్‌బారి తీసుకెళ్ళింది. భూపేన్‌దా సమాధి అక్కడే. నా మెడలో ఎర్ర అంచు గమోసా వేసింది. అది ఇప్పుడు నా పుస్తకాల పెట్టెలో, అన్నిటికన్నా అడుగున ఉంది. పెట్టె విప్పిన ప్రతిసారీ ఆఖరున బయటికి వచ్చేది అదే.

ఈ వ్యాసం పత్రికకి ఇచ్చే ముందు ఐతాకి ఫోన్ చేసి, వచ్చీ రాని అస్సామీలో అంతా చెప్పాను. తన గురించి రాయొచ్చా అని అడిగాను. రాయమంది. ఒక్క దిద్దుబాటు చేసింది. "ఓటు వేయలేదని రాస్తే నేను బూత్‌కే వెళ్ళలేదనుకుంటారు. వెళ్ళాను. రెండు గంటలు ఎండలో నిలబడి వేశాను. ఆయనకి వేయలేదు, అంతే. ఎవరికి వేశానో మాత్రం రాయకు."