ఎగరని విమానం

2024 జూన్ 8, శనివారం. పొద్దున్నే అరుగుమీద కూర్చుని కాఫీ తాగుతూంటే పక్కింటి పిన్ని ఏడుపు వినిపించింది. మా రోలుగుంటలో పొద్దుటిపూట ఆడమనిషి ఏడుపంటే ఒకటే అర్థం. గ్లాసు అక్కడ పెట్టేసి పరుగెత్తేను.

పిన్ని టీవీ ముందు చతికిలబడి ఉంది. పొయ్యి వెలిగించలేదు. కళ్ళాపి నీళ్ళ బకెట్టు గుమ్మంలోనే ఉండిపోయింది.

"ఎవరు పోయేరు పిన్నీ?" అన్నాను, గుండె దడదడలాడుతూంటే.

"ఆ సినిమా ఊరు కట్టినాయన పోయేడు బావూ!" అంది.

టీవీలో రామోజీరావుగారి బొమ్మ. హైదరాబాదులో తెల్లవారుజామున కన్నుమూసేరట. నిజం చెప్పొద్దూ, నాకు నవ్వొచ్చినంత పనయింది. ఆయనెక్కడ, మా పిన్ని ఎక్కడ! ఆయన కృష్ణాజిల్లా పెదపారుపూడిలో పుట్టి, 1974 ఆగస్టు 10న మన విశాఖపట్నంలోనే 'ఈనాడు' పత్రిక మొదలుపెట్టి, 1996లో హైదరాబాదు పొలిమేరలో ఫిల్మ్ సిటీ కట్టించి, 2016లో పద్మవిభూషణ్ అందుకున్న మనిషి. ఆయన పత్రికనూ వ్యాపారాలనూ మెచ్చుకున్నవారూ ఉన్నారు, వాటితో తగువు పడ్డవారూ ఉన్నారు. ఆ గొడవలేవీ పిన్నికి తెలియవు. చదువు రాని మనిషి. పత్రిక అంటే ఆవిడకి పొట్లం కట్టుకునే కాగితం, అంతే.

మరి ఈ ఏడుపు దేనికి? ఒక్కరోజు కోసం. ఆ సంగతి చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పుకోవాలి.

మా ఊరు 2022లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గాని, పెద్దవాళ్ళ నోట ఇంకా విశాఖ జిల్లాయే. బాబాయి జన్మంతా గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకుబండి తోలేడు. పెళ్ళయిన కొత్తలో "నిన్ను విమానం ఎక్కిస్తానే" అని కోతలు కోసేడట. విమానం మాట దేవుడెరుగు, నలభయ్యేళ్ళలో చోడవరం వినాయకుడి గుడి దాటించి ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. అలాటివాడు 2011లో, చెరుకు డబ్బులు చేతిలో పడగానే, నర్సీపట్నంలో ఎవరో వేసిన యాత్రా బస్సుకి రెండు టిక్కెట్లు కొనేశాడు. హైదరాబాదు, ఫిల్మ్ సిటీ!

"నేనూ వెళ్తానురా," అంది మా అమ్మ.

నేను తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి. పైగా అంతకు రెండేళ్ళ క్రితమే కాలేజీ పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్ళి ఆ ఊరు చూసొచ్చినవాణ్ణి. 1,666 ఎకరాలు, ప్రపంచంలో అంత పెద్ద సినిమా స్టూడియో ప్రాంగణం మరి లేదని గిన్నిస్‌వారి లెక్క. కళాదర్శకుడు నీతీశ్ రాయ్ రూపకల్పన చేసిన ఊరది. అక్కడొక రైల్వేస్టేషను ఉంది. పేరుపలక మారిస్తే ఊరే మారిపోతుంది. ఒకే కట్టడం ముందునుంచి చూస్తే ఒకటి, వెనకనుంచి చూస్తే మరొకటి. పిల్లలు కేరింతలు కొడుతూంటే నేనేం చేసేనంటారు? వేళ్ళ కణుపులతో గోడలు కొట్టి, "చూసేరా, డొల్ల!" అని పాఠం చెప్పేను.

అమ్మకీ అదే పాఠం చెప్పేను. "డొల్లగోడలు చూడ్డానికి రాత్రిళ్ళు బస్సులో ఒళ్ళు హూనం చేసుకోవడం దేనికే?" అన్నాను.

"అలాగేలే," అంది అమ్మ. బయటికి తీసిన చీర మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

పిన్ని తిరిగొచ్చేక, మూడు సాయంత్రాలు మా అరుగుమీద ఫిల్మ్ సిటీ కథాకాలక్షేపం జరిగింది. అమ్మ రామాయణం విన్నట్టు వింది. ఆ తరవాత టీవీలో సినిమా వస్తే చాలు, "అదిగో, మీ పిన్ని చూసిన ఇస్టేషను!" అనేది. చిత్రమేమిటంటే, కళ్ళారా చూసిన నేను పోల్చుకోలేకపోయేవాణ్ణి, వినడం తప్ప ఎరగని అమ్మ పోల్చేది. 2015లో అమ్మ పోయింది. మరుసటేడు బాబాయీ పోయేడు.

ఆ శనివారం పొద్దున్న పిన్నిని ఊరడించబోయి, "ఆయన నీకేం చుట్టం పిన్నీ?" అన్నాను.

పిన్ని లేచి దేవుడి గూట్లోంచి ఒక ఫోటో తెచ్చింది. సినిమాల కోసం కట్టిన విమానంలో, పక్కపక్క సీట్లలో బాబాయీ తనూ. బాబాయి మీసం మీద చెయ్యేసుకుని దొరలా కూర్చున్నాడు.

"మీ బాబాయి మాట నిలబెట్టుకున్నాడు గదా. ఆయన ఆ ఊరు కట్టబట్టే గదా! అది ఎగిరితే నాకేటి, ఎగరకపోతే నాకేటి?"

నా దగ్గర జవాబు లేకపోయింది. క్లాసులో ఏటేటా మయసభ పాఠం చెబుతాను. నీళ్ళని నేలనుకుని, నేలని నీళ్ళనుకుని భంగపడ్డ దుర్యోధనుణ్ణి చూసి పిల్లలతోపాటు నేనూ నవ్వుతాను. 1957 నాటి 'మాయాబజార్'కి గోఖలే, కళాధర్ వేసిన సెట్లు అట్టలూ చెక్కలూ అని తెలిసీ మురిసిపోతాను. అమెరికాలో 1955లో డిస్నీలాండు తెరిచిన వాల్ట్ డిస్నీ 1966లో పోయినప్పుడు, ఆయన్ని ఎన్నడూ చూడని తల్లులెందరో కంటతడి పెట్టుకునుంటారంటే నమ్ముతాను. పక్కింటి పిన్ని ఏడిస్తే మాత్రం నవ్వొచ్చింది! మయసభలో దుర్యోధనుడు తడిసేడు. నేను తడవకుండా జాగ్రత్తగా బయటపడ్డాను, అమ్మని గుమ్మం కూడా తొక్కనివ్వకుండా.

మర్నాడు ఆదివారం ఫిల్మ్ సిటీలోనే ప్రభుత్వ లాంఛనాలతో ఆయనకి అంత్యక్రియలు జరిగేయి. మా వీధి ఆడవాళ్ళు అయిదారుగురు పిన్ని ఇంట్లో చేరి టీవీలో చూసేరు. నేనూ వెళ్ళి ఓ మూల కూర్చున్నాను. అందరూ లేచి వెళ్ళేక అన్నాను:

"పిన్నీ, దసరా సెలవుల్లో ఫిల్మ్ సిటీకి తీసుకెళ్తాను. వస్తావా?"

"నేను చూసేను గదా బావూ. నువ్వెళ్ళు," అంది పిన్ని. గుమ్మం దాటుతూంటే వెనకనుంచి కేకేసింది: "ఈసారి గోడలు కొట్టకు!"

వెళ్ళేను. కొట్టలేదు. విమానంలో కూర్చుని ఫోటో తీయించుకుని, తెచ్చి పిన్ని చేతిలో పెట్టేను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మీ అమ్మ ఫోటో పక్కన పెట్టు," అంది.