దరఖాస్తులో చెనక్కాయలు

బీకాం ప్యాసై గుమాస్తాగా బ్యాంకులో చేరిన నాటి నుంచి ముప్పై ఏళ్ళుగా నా పని ఇతరుల దరఖాస్తులు చదవడమే. ఎవరికి అప్పివ్వొచ్చో, ఎవరికి కాఫీ ఇచ్చి పంపెయ్యాలో రెండు పేజీలు తిరగేస్తే తెలిసిపోతుందని నాకు కాస్త గర్వం కూడా ఉండేది. 2023 నవంబరులో ఆ గర్వం మా ఇంట్లోనే దిగింది. ఆ అక్టోబరులోనే పర్పుల్ లైను మెట్రో పూర్తిగా కలిసి, నేను కాడుగోడికి ఓ గంట ముందుగా చేరడం మొదలైంది. ఆ మిగిలిన గంటే ఇంత పనీ చేసిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

మా అమ్మాయి సైకాలజీలో ఎమ్మెస్సీ చేసింది. అమెరికాలో పీహెచ్‌డీకి దరఖాస్తులు పెడుతోంది. మార్కుల పట్టీ, మూడు సిఫారసు ఉత్తరాలు, వీటి వరకు నాకు అర్థమయ్యాయి. మన కౌన్సెలింగుల్లాగా ర్యాంకు ప్రకారం సీటు రాదట. ఏ ప్రొఫెసరు దగ్గర పనిచేస్తావో ముందే రాయాలి. నువ్వు వెతుకుతున్న ప్రశ్న వాళ్ళకూ ముఖ్యమనిపించాలి. అందుకని అసలు బరువంతా ఇంతవరకు చేసిన రీసెర్చి మీదా, దాన్ని చెప్పుకునే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అనే ఉత్తరం మీదా ఉంటుంది.

"ఒకసారి చూస్తావా నాన్నా?" అని కాగితాలు నా ముందు పెట్టింది. చూశాను. ఎమ్మెస్సీలో ఉండగా పిల్లలకు మాటల పట్టికలు ఇచ్చి ఎన్ని గుర్తున్నాయో చూసింది. తర్వాత ముసలివాళ్ళ మతిమరుపు క్లినిక్కులో ఆరు నెలలు కంప్యూటర్లో అంకెలు ఎక్కించింది. ఆపైన హొసకోటె, మాలూరు పల్లెల్లో తిరిగి బాలింతలను నిద్ర గురించి ప్రశ్నలడిగింది. చివర ఒక ల్యాబులో మీట నొక్కే వేగం కొలిచే ప్రయోగం. అదీ మధ్యలో చెడిపోయింది. ఒక ఏడు కిరాణా, ఒక ఏడు సిమెంటు, మరో ఏడు కోళ్ళఫారం పెట్టినవాడు నా టేబుల్ ముందు కూర్చుంటే ఏమంటాను? "నీ వ్యాపారం ఏదో తేల్చుకుని రా నాయనా" అంటాను. ఇంచుమించు అదే అన్నాను. పిల్ల మొహం చిన్నబోయింది.

తప్పు నాదేనని సర్దుకుని, ఎర్ర పెన్ను పట్టి సాయం మొదలెట్టాను. "సహాయం చేశాను" అని ఉన్నచోటల్లా "నిర్వహించాను" అని దిద్దాను. చెడిపోయిన ప్రయోగాన్ని కొట్టేశాను. మొదటి పేజీ అంతా మా అమ్మ గురించి రాయమన్నాను.

మా అమ్మ సంగతి చెప్పాలి. ఆమెది అనంతపురం జిల్లా పల్లె, బడి మెట్టెక్కిన మనిషి కాదు. చివరి రోజుల్లో మతిమరుపు వస్తే బెంగళూరులోనే ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. 1975లో అమెరికాలో తయారైన ముప్పై మార్కుల చిన్న పరీక్ష ఒకటుంది, దాన్ని పెట్టారు. ఇప్పుడు ఏ ఋతువు అని కన్నడంలో అడిగారు. మా అమ్మ కాసేపు ఆలోచించి "చెనక్కాయలు పెరికే కాలం" అంది. అది నవంబరు, ఆమె చెప్పింది అక్షరాలా నిజం. కాగితం మీద మాత్రం సున్నా పడింది. ఒక వాక్యం రాయమన్నప్పుడు పెన్ను పట్టుకుని నా వంక చూసిన చూపు నేనింకా మరవలేదు. మా అమ్మాయి అప్పుడు ఇంటర్ చదువుతూ పక్కనే నిలబడి ఉంది.

ఇంత కథ చేతిలో పెట్టుకుని వాడుకోకపోతే ఎలా అని నా వాదన. అమ్మాయి ఒప్పుకోలేదు.

"నాన్నా, స్టాకు స్టేట్‌మెంటులో లేని సరుకు చూపిస్తే నువ్వు ఊరుకుంటావా? క్లినిక్కులో నేను చేసింది అంకెలు ఎక్కించడమే. నిర్వహించింది మా మేడమ్. ఆమే నాకు సిఫారసు ఉత్తరం రాస్తోంది. రెండూ పక్కపక్కన పెట్టి చదువుతారు."

నా దగ్గర జవాబు లేదు. అవ్వ విషయంలోనూ పట్టు విడవలేదు. 2006లో డ్రూ ఆపిల్‌బీ, కేరన్ ఆపిల్‌బీ అని ఇద్దరు అక్కడి సైకాలజీ ప్రవేశ సంఘాల అధ్యక్షులను అడిగి, దరఖాస్తులను ముంచే కారణాలు పోగేశారట. సొంత గోడు అవసరానికి మించి వెళ్ళబోసుకోవడం వాటిలో ఒకటి. "చదివేవాళ్ళు జాలిపడతారు నాన్నా, కానీ నేను ఏం పరిశోధిస్తానో వాళ్ళకు తెలియదు కదా" అంది. నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి నేను సరిగా అన్నం తినలేదు. మా అమ్మను మార్కులు పడలేదని ఇంకోసారి వెనక్కి పంపేసినట్టనిపించింది.

రెండు రోజుల తర్వాత కొత్త ప్రతి తెచ్చింది. నాలుగు పనులూ ఉన్నాయి, వరస మారింది. మాటల పట్టికలో, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే పిల్లలు ఏ భాషలో అడిగితే ఎక్కువ మాటలు చెప్పారో ఉంది. పల్లెల్లో బాలింతలు "దిగులుగా ఉందా" అంటే లేదని, "ఒంట్లో ఎట్లుంది" అంటే గంటసేపు చెప్పారని ఉంది. క్లినిక్కు గురించి రెండే వాక్యాలు. నాలుగింటిలోనూ ఒకటే ప్రశ్న. మనిషి మనసును కొలిచే ప్రశ్న భాష మారితే అదే ప్రశ్నగా ఉంటుందా? నాకు కనిపించిన కిరాణా, సిమెంటు, కోళ్ళఫారం అన్నీ ఒకే కొట్టులోని సరుకని అప్పటికి గాని అర్థం కాలేదు.

ఈ ప్రశ్నకు దారి చూపిన పని మన వాళ్ళదే. డాక్టర్ సువర్ణ అల్లాడి హైదరాబాదు నిమ్స్‌లో ఉండగా, తోటివారితో కలిసి 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. ఒక్క భాషే వచ్చినవాళ్ళ కన్నా రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందట. చదువురాని వాళ్ళలోనూ ఆ తేడా ఉంది. ఆ తర్వాత ఆమె మన బెంగళూరు నిమ్హాన్స్‌కు వచ్చారు. పిల్లల నోట తెలుగులో కన్నడం కలిసిపోతోందని మన సభల్లో నొచ్చుకునే పెద్దలకు ఇది కాస్త ఊరట.

జనవరి ఆఖర్లో ఒక రాత్రి పదిన్నరకు వీడియోలో ఇంటర్వ్యూ. వైట్‌ఫీల్డ్ రైల్వే స్టేషన్ ఉన్నది మా కాడుగోడిలోనే. సరిగ్గా ఆ వేళకే గూడ్సు బండి కూత పెట్టింది. నేనూ మా ఆవిడా వంటింట్లో లైటార్పి కూర్చున్నాం. అవతలి ప్రొఫెసరమ్మ ఎక్కువసేపు అడిగింది నేను కొట్టేసిన ఆ చెడిపోయిన ప్రయోగం గురించే. మీటలు నొక్కిన సమయాలను ప్రోగ్రాం తప్పుగా రాస్తోందని ఎలా కనిపెట్టావు, ఎంతమంది లెక్కలు పారేశారు, పారేద్దామని మొదట అన్నదెవరు? పిల్ల తడుముకోకుండా చెప్పింది. నాలుగు నెలల కష్టం పారేద్దామన్నది తనేనట. నాకు ఆ రాత్రి దాకా తెలియదు.

తొమ్మిది చోట్ల పెట్టింది. ఏడు కాదన్నాయి, ఒకటి వెయిటింగ్ లిస్టులో పెట్టి మరిచిపోయింది. ఒక్కటి ఫీజు లేకుండా, నెలనెలా స్టైపెండుతో రమ్మంది. ఆగస్టులో విమానం ఎక్కించి వచ్చాం.

ఆ ఉత్తరం నకలు నా బీరువాలో ఉంది. మా అమ్మ పేరు అందులో ఎక్కడా లేదు. రెండో పేరాలో, పల్లెల్లో కాలాన్ని పంటలతో చెబుతారన్న ఒక్క వాక్యం ఉంది. అందులో చెనక్కాయలు అన్న మాట ఇంగ్లీషు అక్షరాల్లో, వాలుగా అచ్చయి ఉంది.