కరక్కాయ నీళ్లు, ఫాల్స్ సీలింగు

హైదరాబాదు నగరంలో ఒక పాత విశ్వవిద్యాలయ భవనంలోని ఆఫీసు గదులను కొత్తగా తయారుచేస్తున్నారు, వెళ్లి చూసి రాయమన్నారు మా ఎడిటర్. నిజాం జమానా కట్టడం. పేరు చెప్పకపోతే మంచిదని అక్కడివాళ్లు కోరారు, చెప్పను.

ఇంజినీరుగారు గాజు పార్టిషన్లు, విట్రిఫైడ్ టైల్స్, క్యాబిన్లు ముచ్చటపడి చూపించారు. ఏ బ్యాంకు బ్రాంచికి వెళ్లినా కనిపించేవే. ఆయన వెంట వెళ్లలేక పరీక్షల విభాగం మూలన పరంజా దగ్గర ఆగిపోయాను. పైన ఒక తాపీ మేస్త్రీ ఉన్నాడు. పాలమూరు మనిషి, అరవై దాటి ఉంటాయి.

తట్టలోంచి చిటికెడు సున్నం తీసి వేళ్ల మధ్య నలిపాడు. గరుకు తగిలినట్టుంది, మళ్లీ రుబ్బుకు రమ్మని కుర్రాణ్ని పంపాడు. సున్నాన్ని నీళ్లలో వారాల తరబడి మాగనివ్వాలి, ఇసుక కలిపి రుబ్బాలి, బెల్లం నీళ్లు, కరక్కాయలు నానబెట్టిన నీళ్లు పొయ్యాలి. ఎద్దుల గానుగ పోయి కరెంటు మిక్సర్ వచ్చిందంతే. గోడ తడిపాడు, అరచెయ్యి ఆనించి చూశాడు, చాలలేదని మళ్లీ తడిపాడు. అంతకుముందు పూసి ఉంచిన జానెడు మేర నున్నటి రాయితో రుద్దుతుంటే సన్నగా నిగారింపు తేలింది. ఆ చేతిలో కాస్తయినా తొందర లేదు.

"ఈడ మునుపు సిమెంటు పూసిన్రు సార్. అది తడిని బయటికి పోనియ్యది. లోపట్నే ఉండి ఉప్పు పొంగుతది, పెచ్చులూడుతది. ఊడినంక నన్ను పిలిచిన్రు."

పిలిచింది ఆ ఒక్క మూలకే. మిగతా గోడలకు యథాప్రకారం సిమెంటే.

పక్క బల్ల దగ్గరి సీనియర్ అసిస్టెంటమ్మకు నా మురిపెం చూసి ఒళ్లు మండింది. "మీకేమండీ, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. వానొస్తే మార్కుల రిజిస్టర్లకు ప్లాస్టిక్ పట్టాలు కప్పుకునేది మేము." నిజమే, కాదనలేను. కానీ ఆవిడ కష్టానికి వీళ్లు చేస్తున్న వైద్యమేమిటి? కారే కప్పును అలాగే వదిలేసి దాని కింద ఫాల్స్ సీలింగు వేలాడదీశారు. వేడిగాలి బయటికి పోవడానికి ఎత్తున పెట్టిన వెంటిలేటర్లు దాని వెనక సమాధి అయ్యాయి. ఉక్క మొదలైంది. ఇక ఏసీలకు ఇంకో ఎస్టిమేటు.

ఇదే హైదరాబాదులో కోఠీ రెసిడెన్సీ ఉంది. పంతొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించినది, తర్వాత మహిళా కళాశాల అయింది. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తోడ్పాటుతో దాన్ని ఓపిగ్గా బాగుచేశారు. సంతోషం. కానీ దర్బారు హాలుకైతే సున్నం, గుమాస్తా గదికైతే సిమెంటు అనే లెక్క ఎవరు పెట్టారు? ఏ పనితనమైనా ఎప్పుడో దొరికే ఒక్క దర్బారు హాలుతో బతకదు. రిజిస్టర్ల గదులు, హాస్టలు వరండాలు, పాత బడి గోడలు, ఏడాది పొడుగునా ఏదో ఒకటి ఉంటేనే మేస్త్రీ తన కొడుక్కు తాపీ అందిస్తాడు. ఈయన కొడుకు టైల్స్ పనిలో ఉన్నాడు, అందులోనే కూలి గిడుతుందట.

అదే ప్రాంగణంలో సివిల్ ఇంజినీరింగ్ విభాగముంది. పిల్లలెవరైనా చూడటానికి వచ్చారా అని అడిగాను.

"ఒక పిలగాడొచ్చిండు సార్, బాత్రూం యాడుందని అడిగిండు."

మధ్యాహ్నం ఇంజినీరుగారు మళ్లీ వచ్చారు. సోమవారం కుర్చీలు దిగుతాయి, ఈలోగా గోడలన్నిటికీ ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు పడిపోవాలి, డబ్బాలు వచ్చేశాయి అన్నారు. సున్నం ఇంకా ఆరలేదని మేస్త్రీ చెప్పిచూశాడు. టెండరులో రంగు కంపెనీతో సహా రాసి ఉందని ఆయన జవాబు.

ఆయన వెళ్లాక మేస్త్రీ రాయి పక్కన పెట్టి బీడీ ముట్టించాడు. "ఎయ్యనియ్యుండ్రి సార్. ఆ రంగు కింద ఇదీ ఊడుతది. మళ్ల నన్నే పిలుస్తరు."