రీలు నేర్పిన పాఠం ఎంత?

ఫొటోగ్రఫీ నేర్చుకుంటామనే కుర్రకారుకి పాతకాపులు ఇప్పటికీ ఇచ్చే సలహా ఒకటే: ముందు ఫిల్ము కెమెరా పట్టు, అప్పుడే చెయ్యి కుదురుతుంది. రీలుకు 36 ఫొటోలే, బటన్ నొక్కిన ప్రతిసారీ డబ్బు కరిగేది, అందుకే ఆచితూచి తీసేవాళ్లం, ఇప్పటివాళ్లు ఎడాపెడా నొక్కేస్తున్నారన్నది వాళ్ల వాదన. ఆచితూచి తీసిన మాట నిజమే. కానీ ఆచితూచి తీయడం వేరు, నేర్చుకోవడం వేరు. ఏ పనైనా చేతికి రావాలంటే చేసిన తప్పు త్వరగా కంటబడాలి. తప్పు బయటపడేసరికి వారాలు గడిచిపోతే అది ఎలా జరిగిందో గుర్తుండదు. గుర్తులేని తప్పును దిద్దుకోవడం ఎవరి తరమూ కాదు.

వెలుతురును కొలిచే లైట్ మీటర్ సంగతే చూడండి. దానికి తెలుపూ తెలియదు, నలుపూ తెలియదు. ఎదురుగా ఏమున్నా అది మధ్యరకం బూడిదరంగేననుకుని లెక్క కడుతుంది. తెల్లటి పంచె కట్టుకున్న పెళ్లికొడుకును ఫ్రేము నిండా తీస్తే పంచె మాసినట్టు వస్తుంది. గేదెను తీస్తే దాని నలుపు వెలిసిపోతుంది. పంచెకు వెలుతురు పెంచాలి, గేదెకు తగ్గించాలి. పుస్తకంలో చదివితే ఇది తలకిందులుగా తోస్తుంది. డిజిటల్ కెమెరాతో అయితే అదే పంచెకు వెలుతురును ఒక్కో స్టాప్ అటూ ఇటూ మార్చి నాలుగు ఫొటోలు తీసి, తెరమీద పక్కపక్కన చూసుకుంటే ఐదు నిమిషాల్లో విషయం తలకెక్కుతుంది. ఫిల్ములో ఆ గేదె ఫొటో చూడాలంటే రీలు పూర్తికావాలి, స్టూడియోకి ఇచ్చి కడిగించాలి, ప్రింట్లు వేయించాలి. అప్పటికి ఏ అపర్చర్‌లో తీశామో చెప్పేవాళ్లెవరు? నోటుబుక్కులో రాసుకోమనేవారు, రాసుకున్నవాళ్లు తక్కువ. డిజిటల్ ఫైలు షట్టర్ వేగం, అపర్చర్, ఐఎస్ఓ అన్నీ తనలోనే దాచుకుంటుంది. పైగా కలర్ నెగెటివ్‌తో ఇంకో చిక్కుంది. ఒక స్టాప్ వెలుతురు ఎక్కువపడినా అది ఓర్చుకుంటుంది, ల్యాబులో ప్రింటు వేసే యంత్రం తన లెక్కతో తాను సరిచేసేస్తుంది. కాబట్టి సరైన ఎక్స్‌పోజర్‌కూ తప్పు ఎక్స్‌పోజర్‌కూ ప్రింటు ఇంచుమించు ఒకేలా వచ్చేది. ప్రింటు పాడైతే తప్పు తనదో ల్యాబుదో తేలేది కాదు. తప్పును ఉన్నదున్నట్టు చూపించింది ప్రింటుతో పనిలేని స్లైడ్ ఫిల్ము మాత్రమే, దాని ఖరీదు నేర్చుకునేవాడికి అందేది కాదు.

తీసిన వెంటనే చూసుకోవడం ఫొటోగ్రఫీ స్వభావానికే విరుద్ధమని కొందరంటారు. చరిత్ర అలా చెప్పదు. మన తొలితరం ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కెమెరా పట్టిన 1870ల్లో విరివిగా వాడుకలో ఉన్నది తడి పలక పద్ధతి. గాజు పలకకు పూసిన రసాయనం ఆరిపోయేలోపే ఫొటో తీయాలి, అక్కడికక్కడే కడగాలి. అంటే ఫలితం నిమిషాల్లో చేతికొచ్చేది. తీయడానికీ చూడడానికీ మధ్య ఎడం పెట్టింది తర్వాతి కాలం. 1888లో ఈస్ట్‌మన్ తెచ్చిన కొడాక్ కెమెరాలో వంద ఫొటోల రీలు నింపి ఉండేది. అది అయిపోగానే కెమెరాను కెమెరాగానే కంపెనీకి పంపేయాలి. తీసేవాడొకడు, కడిగేవాడొకడు అయింది అప్పుడే. తీసిన వెంటనే ప్రింటు చేతికిచ్చే పోలరాయిడ్ కెమెరా 1948లో అమ్మకానికి వచ్చాక, మరుసటి ఏడాదే ఆ కంపెనీకి సలహాదారుగా చేరినవాడు అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్. ఫిల్ము నెగెటివ్ మీద ఆయనకున్నంత పట్టు మరొకరికి ఉండేదా అంటే అనుమానమే. స్టూడియోల్లో పేరుమోసినవాళ్లు సైతం అసలు ఫిల్ము వాడేముందు ఒక పోలరాయిడ్ తీసి చూసుకునేవారు. గురువులు వాడుకున్న సౌకర్యం శిష్యులకు మాత్రం చెరుపు చేస్తుందా?

అదే ఆడమ్స్‌ను అవతలి పక్షమూ సాక్ష్యానికి పిలుస్తుంది. 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ దగ్గర, సమాధుల మీది శిలువలపై పొద్దు వాలిపోతుండగా ఆయనకు లైట్ మీటర్ దొరకలేదు. చంద్రుడి వెలుగు కొలత తెలుసు కాబట్టి దాన్నిబట్టి లెక్కకట్టి ఒక్క నెగెటివ్ తీశాడు. రెండోది తీసేలోపు వెలుగు పోయింది. ఒక్క ఫొటోలో అంత ఏకాగ్రత వచ్చింది ఫిల్ము కొరత వల్లేనంటారు. కానీ అప్పటికి ఆయన కెమెరా పట్టి పాతికేళ్లు. అది నైపుణ్యానికి వచ్చిన ఫలం, నైపుణ్యం నేర్పిన బడి కాదు. మొదలుపెట్టినవాడికి కొరత నేర్పేది ఎక్కువగా భయమే. రీలు వృథా అవుతుందన్న భయంతోనే కదా, మన పాత ఆల్బమ్‌లలో చార్మినార్ ముందు అందరూ వరసగా, బిగుసుకుని, చేతులు కట్టుకుని నిలబడతారు! పైగా రీళ్ల ఖర్చు భరించగల ఇంటి పిల్లలకో, స్టూడియోలో పనికి కుదిరిన కుర్రాడికో తప్ప ఆ బడి తలుపులు తెరుచుకోలేదు. ఈ మాట ఫిల్మును మెచ్చుకునేవాళ్లు ఎందుకో ఎత్తరు.

అలాగని ఫిల్ము వల్ల ఒరిగిందేమీ లేదనను. పత్రికల ఫొటోగ్రాఫర్లు, పట్టుదలగా నేర్చుకునేవాళ్లు కడిగిన నెగెటివ్‌ను ఆరేసి ముక్కలుగా కోసి, ఒకే కాగితం మీద పరిచి కాంటాక్ట్ షీట్ వేసుకునేవారు. బాగున్నవీ బాగులేనివీ అన్నీ, తీసిన వరసలోనే. ఒక మంచి ఫొటోకి ముందు ఎన్ని తడబాట్లున్నాయో అందులో దాచడానికి వీల్లేదు. న్యూయార్క్ వీధుల్ని తీసిన గ్యారీ వినోగ్రాండ్ కావాలనే రీళ్లను చాలాకాలం కడగకుండా ఉంచేవాడు, తీసిననాటి హుషారు చల్లారితేగాని తన ఫొటోను తాను సరిగ్గా అంచనా వేయలేనని. 1984లో ఆయన పోయేనాటికి కడగని రీళ్లు దాదాపు 2,500 మిగిలాయి (ఫిల్ము పొదుపు నేర్పుతుందనేవాళ్లు ఈయన్ని ఏ పద్దులో వేస్తారో!). ఆలస్యం పనికొచ్చేది ఇక్కడ, ఎంపికలో. తీయడం నేర్వాలంటే ఫలితం తక్షణం కనబడాలి, ఏరుకోవడం నేర్వాలంటే కాస్త కాలం గడవాలి. ఫిల్ము రెండింటినీ ఒకే గాటన కట్టింది. డిజిటల్‌లో రెండూ విడివిడిగా దొరుకుతాయి, చేయవలసిందల్లా ఒక్కటే. కెమెరా తెరమీద నచ్చని ఫొటోను అక్కడికక్కడే డిలీట్ చేసే అలవాటును మొదటిరోజే మాన్పించాలి. డిజిటల్ మీద నిజంగా మోపదగిన నేరం ఏదైనా ఉంటే అదే. తప్పు చూసిన మరుక్షణం దాన్ని చెరిపేసే వీలిస్తుంది. నేర్పేవాళ్లు రోజుకు 36 ఫొటోలే తీయమని కట్టడి పెట్టే బదులు, ఎన్నైనా తీయనిచ్చి, నెలాఖరున అన్నింటినీ పక్కపక్కన పరిపించి, అందులోంచి పది మాత్రమే ఉంచమంటే మేలు.